ధనియాల నీళ్లు పడని మనిషి

ఇబ్రహీంపట్నం కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే మా అత్త నా చేతిలో చాట పెట్టింది. చాట నిండా ధనియాలు. రాళ్లు, పుల్లలు ఏరి, కడిగి, నీడలో ఆరబెట్టాలి. ఆ రోజు మొదలుకొని ఆమె మంచం పట్టేదాకా ఆ పని నాదే అయింది. నిజాం సర్కారు రోజులవి. మాకు పెద్ద దవాఖాన అంటే పట్నమే. పట్నమంటే ఎడ్లబండి మీద ఒక పూట పైమాటే. అందుకని వేడి చేసినా, తిన్నది అరగకపోయినా, మూత్రం మంట పుట్టినా జనం మా గడపకే వచ్చేవారు. యాచారం నుంచి కూడా నడిచి వచ్చేవారు.

ఆమె వైద్యం పెద్దదేమీ కాదు. వేడికైతే కచ్చాపచ్చాగా దంచిన ధనియాలు నానబెట్టి, పొద్దున వడగట్టి, కాస్త పటికబెల్లం కలిపి ఇచ్చేది. కడుపుబ్బరానికైతే దోరగా వేయించిన ధనియాలు, జీలకర్ర మరిగించిన కషాయం. చంటిపిల్లలకు ఇచ్చేది కాదు. కడుపుతో ఉన్నవాళ్లకు రెండు గుక్కలకు మించి పోసేది కాదు. మూత్రంలో రక్తం పడుతోందన్నా, జ్వరం మూడు రోజులు దాటిందన్నా “నాతోని గాదు, పట్నం తీస్కపోండ్రి” అనేది. ఆ మాత్రం వివేకం ఆమెకు ఉండేది. తరువాత జరిగింది విని ఆమెను మూర్ఖురాలని అనుకుంటారేమోనని ఇది ముందే చెబుతున్నాను.

వైద్యం చేసిన పేరు ఆమెది. విరిగే నడుము నాది. నీళ్లు తేవడం, దంచడం, కాచడం, వడగట్టడం, గిన్నెలు తోమడం. నాకు ఆరో నెల నడుస్తున్న ఎండాకాలంలో బావిలో నీళ్లు బాగా కిందికి పోయాయి. మెట్లన్నీ దిగి, బిందె నింపుకొని, మళ్లీ ఎక్కేసరికి కళ్లు బైర్లు కమ్మేవి.

మా గోడకు అవతల ఒక ముస్లిం కుటుంబం ఉండేది. ఆయన బండి తోలేవాడు. ఆమె పాత చీరలతో బొంతలు కుట్టేది. నాకంటే పదేళ్లు పెద్ద. నేను అక్కా అని పిలిచేదాన్ని. నా అవస్థ చూసి, ఆ ఎండాకాలమంతా రోజూ నా రెండో బిందె ఆమే మోసి మా గుమ్మంలో దించి పోయేది. ఒకరోజు బావి మెట్ల మీద కూర్చుని అలుపు తీర్చుకుంటుంటే మాటల్లో చెప్పింది, “నాకు కొత్మీర్ పడది చెల్లె. జర తిన్నా నోరంత జిల పుడ్తది, పెదాలు ఉబ్బుతయి.” నేను ఊ కొట్టాను.

కొన్ని రోజులకు మిట్టమధ్యాహ్నం ఆమె మా ఇంటికి వచ్చింది. మూత్రం మంట. రెండు రోజులుగా కూర్చోలేకపోతోంది. మా అత్త ధనియాల నీళ్ల కుండ వైపు చూపించి నన్ను పొయ్యమంది.

“పెద్దమ్మా, నాకు కొత్మీర్ పడదు గద” అంది ఆమె నసుగుతూ.

“ఆకు పడకపోతె గింజ గూడ పడదా? ఆకు వేరు, గింజ వేరు. ఊరంత తాగుతున్నరు, ఎవలకేమైంది? తాగు బిడ్డా.”

నాకు బావి దగ్గరి మాట గుర్తుంది. పెదాలు ఉబ్బుతాయని ఆమె నాతో చెప్పిందని ఆ క్షణంలో అత్తకు చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. అత్తకు ఎదురు చెబితే ఆ వాదన సాయంత్రం దాకా సాగుతుంది. అప్పటికి పొద్దుటి నుంచి కూర్చోలేదు నేను. ఆ కుండ ఖాళీ అయితే తోమి బోర్లించి, కాసేపు నడుం వాల్చాలని ఉంది. గ్లాసు నింపి ఇచ్చాను. ఆమె తాగేసింది.

గ్లాసు కడిగి వచ్చేసరికి ఆమె మెడ గోక్కుంటోంది. చూస్తుండగానే చేతుల మీద దద్దుర్లు లేచాయి. పెదాలు ఉబ్బాయి. “గొంతు పట్టేసినట్లైతుంది” అంది. ఆ తరువాత మాట రాలేదు. ఊపిరి ఈల వేసినట్టు వస్తోంది.

మా అత్త ఆమెను గోడకు ఆనించి నిటారుగా కూర్చోబెట్టింది. రవిక ముడి వదులు చేసి విసనకర్రతో విసరసాగింది.

“ఇంకేమన్న తాపుదమా అత్తా?” అన్నాను.

“వద్దు. నా చేతికెంచి ఇంక సుక్క గూడ వద్దు” అంది.

ఆమె భర్త బండి పట్నం పోయి ఉంది. చేయగలిగింది ఏమీ లేదు. పొద్దు వాలేదాకా ఇద్దరం చెరోవైపు కూర్చుని ఆమె ఊపిరి వింటూ ఉన్నాం. మెల్లగా ఈల తగ్గింది. పెదాలు మాత్రం రెండింతలుగానే ఉన్నాయి. బండి తిరిగి రాగానే ఆమె భర్తకు మా అత్తే అన్నీ చెప్పింది, ఏదీ దాచలేదు. మర్నాడు తెల్లవారుతూనే ఆయన ఆమెను పట్నం దవాఖానకు తీసుకుపోయాడు.

నాలుగో రోజు అక్క తిరిగి వచ్చింది. నేరుగా మా ఇంటికే వచ్చి అరుగు మీద కూర్చుంది.

“మూత్రం మంటకు వేరే దవా ఇచ్చిన్రు, తగ్గింది” అంది. “గా ధనియాల మందు విషం గాదంట పెద్దమ్మా. శానమందికి మంచిదేనంట, నా ఒంటికే పడదంట. ఇంకోపారి తాగితె పానం మీదికి రావొచ్చన్నడు డాక్టరు. ఆకైనా గింజైనా, కూరల గూడ ముట్టొద్దన్నడు.”

మా అత్త తల దించుకుంది. నేను ఉండబట్టలేక అన్నాను, “అక్కా, బాయి కాడ నువ్వు చెప్పిన మాట నాకు యాదికుండె. నేను నోరు తెర్వలే.”

ఆమె నా వైపు తిరిగింది. “నాకు గూడ తెల్సు గద చెల్లె. పెద్దమ్మ ముంగట కాదనబుద్ధి గాలే,” అని లేచి వెళ్లిపోయింది. కోపమో కాదో నాకు తెలియలేదు. మర్నాడు బిందె మాత్రం గుమ్మంలో ఉంది. దాన్ని లోపలికి మోయడానికి చేతులు రాలేదు.

నెల రోజులు మా అత్త ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు వచ్చిన ప్రతివాళ్లనూ అడిగేది, “కొత్మీర్ తింటె నోరు జిల పుడ్తదా? కూరల ధనియాలు పడ్తయా?” పడతాయన్నవాళ్లకే పోసేది. కొంచెం అనుమానమున్నా పంపేసేది. అంత దూరం నడిచి వచ్చి ఉత్తచేతులతో పోవడం జనానికి నచ్చలేదు. కొందరు విసుక్కున్నారు, కొందరు రావడం మానేశారు.

నిజాం సర్కారు పోయిన ఏడాది ఆ కుటుంబం పట్నంలోని బంధువుల దగ్గరికి వెళ్లిపోయింది. మా అత్త బండి దాకా నడిచింది. ధనియాలు వేయకుండా ఆమె కోసం విడిగా నూరిన చింతకాయ తొక్కు జాడీ అక్క ఒళ్లో పెట్టింది. ఆ తరువాత వాళ్ల కబురు మాకు తెలియలేదు.

అత్త పోయాక కూడా కొన్నాళ్లు జనం వచ్చారు. నీకూ తెలుసు కదా, నువ్వే ఇయ్యరాదా అని అడిగారు. నాకు ఓపిక లేదని చెప్పి పంపేశాను. అందులో అబద్ధమేమీ లేదు.