మైకు వైరు పీకిన లాయరమ్మ

ల్యాబులో కొన్నేళ్లు సూక్ష్మజీవులపై పరిశోధన చేశాక, లా చదివి పేటెంట్ లాయర్నయ్యాను. వేరుశనగ తెగులుకు కొత్త మందు కనిపెట్టిన రమణ నా క్లయింటు. అతని పొలం చూడటానికి యాడికి అనే ఊరికి వెళ్లాను. అప్పటికింకా దరఖాస్తు పెట్టలేదు. ఈలోగా తయారీ విధానం బయటపడితే పేటెంటు రాదు.

వెళ్లేసరికి పొలంలో షామియానా, నిండా జనం. కొడుకు ఘనతకు ఊరందరికీ విందు పెట్టిన రమణ తండ్రి మైకులో, “మావోడు మందులో ఏమేం కలిపినాడో చెప్తా, ఇనండప్పా!” అంటున్నాడు.

పరుగెత్తి మైకు వైరు పీకేశాను.

“ఎవరమ్మా నువ్వు?” అన్నాడాయన.

“రమణ లాయర్నండీ.”

ఆయన రెండు చేతులూ జోడించాడు. “మావోడు ఏం నేరం చేసినాడమ్మా?”

సంగతి చెప్పాక, జనాన్ని నేరుగా భోజనాలకు లేపాడు. ఆ సాయంత్రమే దరఖాస్తు పంపాం. తర్వాత పేటెంటూ వచ్చింది.

ఇప్పటికీ ఆయన నన్ను “నా నోరు మూయించిన లాయరమ్మ” అని పరిచయం చేస్తాడు. నా వృత్తి గురించి అంతకంటే బాగా నేనూ చెప్పలేను.