క్యాసెట్లలో వెతికిన మర్యాద మాటలు

అట్టపెట్టెలు తయారుచేసే కంపెనీలో పంతొమ్మిదేళ్ళు స్టోర్స్ చూశాను. ఒక సోమవారం పొద్దున పోతే గేటు దగ్గరే ఆపారు. యంత్రాలన్నీ హోసూరు వైపు తరలిపోతున్నాయని, పాతవాళ్ళలో నలుగురినే వెంట తీసుకుపోతారని చెప్పారు. ఆ నలుగురిలో నేను లేను. అప్పటికి నాకు నలభై ఎనిమిదేళ్ళు. ఆ వయసులో పని పోయిన మగవాడికి ఎంత మర్యాద మిగులుతుందో రెడ్డియార్‌పాళయంలో మా వీధి చివర టీ అంగడాయన వారంలోనే చూపించాడు. అంతకుముందు “రండి సార్” అనేవాడు. తరవాత గ్లాసు బల్ల మీద పెట్టేసి పక్కకు తిరిగేవాడు.

మొదటి నెల నాకు ధైర్యం బాగానే ఉండింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫైలు చంకలో పెట్టుకుని, ఊళ్ళో కనబడిన ప్రతి ఆఫీసు మెట్లూ ఎక్కాను. అందరూ ముందు వయసు అడిగేవాళ్ళు. విన్నాక “చెప్తాం” అనేవాళ్ళు. ఆ మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. చెప్పేవాడెవడూ చెప్తాం అనడు. రెండో నెలకు నేనే ఫైలు తీసుకెళ్ళడం మానేశాను, నోటితో అడిగి వచ్చేవాణ్ణి.

నా భార్య తమ్ముడు తిరుప్పూర్‌లో ఉంటాడు. ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు.

“బావా, ఈడ బనియన్ల గోడౌన్లో మనిషి కావాలంట. పండుకునేదానికి రూము కూడా ఆడనే ఇస్తారు. నెలకొక తూరి ఊరికి పోయి రావచ్చు. ఏమంటావు?”

“చూద్దాంలే” అనేవాణ్ణి. ఫోన్ పెట్టేసేసరికి నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉండేది. మాకు పిల్లలు లేరు. ఆమె పుట్టింట్లో పదిమంది మధ్య పెరిగి, నన్ను చేసుకుని వచ్చిన మనిషి. ఇన్నేళ్ళలో ఒక్క రాత్రి కూడా ఒంటరిగా పడుకోలేదు. “నేనొక్కదాన్నే ఈ ఇంట్లో ఎట్లుండేది? నాకు భయం. ఏదో ఒకటి ఈ ఊర్లోనే చూసుకోండి” అనేది. పెద్ద జీతం కావాలని గాని, కుర్చీ ఉద్యోగం కావాలని గాని ఎన్నడూ అనలేదు. నేను సాయంత్రానికి ఇంటికి రావాలి, అంతే ఆమె అడిగింది.

ఆమె యూనిఫారాలు కుట్టే అంగడికి పోయాక ఇంట్లో నేను, ఫోను మిగిలేవాళ్ళం. మోగని ఫోను ముందు కూర్చోవడం కంటే జైలు నయం. ఒక మధ్యాహ్నం ఆ బాధ పడలేక బీరువా తెరిచి క్యాసెట్లు బయటికి తీశాను. మూడొందల పైచిలుకు ఉంటాయి. అన్నీ తెలుగువే.

అవి మా అమ్మ కూడబెట్టడం మొదలుపెట్టినవి. మేము ఈ అరవ నేల మీదికి వచ్చి ఎన్ని తరాలయిందో మా వాళ్ళెవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, బడిలో కూడా అరవమే. ఈ ఊళ్ళో తెలుగు పాటల క్యాసెట్టు దొరకడం అంత సులువు కాదు. అందుకని చుట్టాలెవరు వస్తున్నా అమ్మ ముందే కబురు పెట్టేది: “స్వీటు తేవద్దు, అది రెండు దినాల్లో అయిపోతాది. పాటలు తెండి.” తెచ్చినాక మా అమ్మ అట్ట మీది అక్షరాలు చదవలేకపోయేది. దేవుడి పాటల మీద పసుపు బొట్టు, సినిమా పాటల మీద కుంకుమ బొట్టు, హరికథల మీద కాటుక బొట్టు పెట్టి గుర్తు పట్టేది. మా మేడ మీద అద్దెకున్న యానాం గుమాస్తా ఒకాయన అది చూసి నవ్వి, ఆ అట్టల మీదే వేలు పెట్టించి నాకు అక్షరాలు నేర్పాడు. ఈ రాత ఆయన పెట్టిన భిక్ష. రాయమంటే ఇదుగో, ఇలా పుస్తకంలో మాదిరి రాస్తాను. నోరు తెరిస్తే మాత్రం యాడ, ఏంది, అంతే.

ఒక్కొక్కటీ పెట్టి వినడం మొదలుపెట్టాను. కొన్నిటికి బూజు పట్టింది. టేపురికార్డరు బెల్టు సాగిపోయి గాయకులందరూ జ్వరంతో పాడుతున్నట్టు ఉంది. అదీ కాదు నా బాధ. ఏ పాట పెట్టినా రెండో చరణం రాకముందే నా కళ్ళు ఫోను మీదికి పోయేవి. ఒకప్పుడు ఏ పాట వింటూ సైకిలు దిగి రోడ్డు పక్కన నిలబడిపోయానో అదే పాట పెట్టాను, ఏమీ కాలేదు. ఎవరింట్లోనో మిక్సీ తిరుగుతున్నట్టు ఉంది. ఇంకోసారి పెట్టాను. అప్పుడు ఏడుపొచ్చింది. పాటకు కాదు, అది కూడా నన్ను వదిలేసి పోయిందని. పని పోయిన రోజు కూడా నేను అంతగా ఏడవలేదు.

నాలుగో నెలలో మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక కబురు వచ్చింది. ఈసీఆర్ రోడ్డు మీద ఒక ఆఫీసు వాళ్ళకు ఫోన్లో తెలుగు మాట్లాడేవాళ్ళు కావాలట. ఫ్రిజ్జులు, వాషింగ్ మెషీన్లు కొన్నవాళ్ళు ఫోన్ చేస్తే సమాధానం చెప్పాలి. వయసు అడ్డం కాదు. ఆ చివరి మాట నేను నాలుగైదుసార్లు చదివాను. నా భార్యకు చదివి వినిపిస్తే చేతిలో ఉన్న సూది కింద పెట్టి, “మనం మాట్లాడేదే కదా! ఈ పని మీకే అనుకోండి” అంది. ఆ రాత్రి ఆమె రెండు ముద్దలు ఎక్కువ తినడం చూశాను.

నాకు మాత్రం భయం పట్టుకుంది. చిన్నప్పుడొకసారి బెజవాడ వైపు చుట్టాల పెళ్ళికి పోయాం. భోజనాల దగ్గర నేను నోరు తెరవగానే పంక్తి అంతా నవ్వింది. “ఈ పిల్లవాడిది తెలుగా, అరవమా?” అని ఒకావిడ అందరికీ వినబడేలా అడిగింది. మా అమ్మ తల వంచుకుని అన్నం కలుపుకుంది. ఆ నవ్వు ఇంకా నా చెవుల్లోనే ఉంది. మా ఇంటి మాటతో ఒక ఆఫీసులో కూర్చుంటానా? కూర్చోనిస్తారా? మర్యాద తెలుగు కావాలి. అది నాకు ఎక్కడ దొరుకుతుంది? బీరువాలోనే.

అలా మూడొందల క్యాసెట్లనూ మళ్ళీ మొదటి నుంచి వినడానికి కూర్చున్నాను. ఈసారి పాట కోసం కాదు, పక్కన నోటుబుక్కు పెట్టుకుని, మాటల కోసం. సినిమా పాటల్లో అందరూ అందరినీ నువ్వు అనే పిలుస్తారు, లాభం లేదు. భక్తి పాటల్లో మర్యాద ఉంది గాని అదంతా దేవుడికి. ఫ్రిజ్జు చెడిపోయిన పెద్దాయనతో ఏమనాలో ఒక్కళ్ళూ పాడలేదు. చివరికి హరికథలు, నాటకం పద్యాలు, లలిత గీతాలు గట్టివని తేల్చుకున్నాను. తమరు, విచ్చేయండి, సెలవీయండి, కలత చెందకండి: ఇలాంటివి నాలుగు పేజీలు రాసుకుని అద్దం ముందు బట్టీ పట్టాను.

నా భార్య పనినుంచి వచ్చి అది విని చెప్పులు కూడా విడవకుండా నిలబడిపోయింది. “ఏంది, నాటకంలో చేరినారా?”

“నీకు తెలీదు. ఆఫీసు మాట ఇట్లనే ఉండాల.”

“సుమ్మా, ఊరికే మనం మాట్లాడినట్టు మాట్లాడితే పోదా?”

“పోదు!” అని కసిరాను. ఆమె చెప్పులు విడిచి లోపలికి పోయింది.

ఇంటర్వ్యూ రోజు వరండాలో నా పక్కన ఒకావిడ కూర్చుంది. యాభై దాటి ఉంటాయి. కాలాపేట నుంచి బస్సులో వచ్చిందట. “నాకు తెలుగు రాసేది రాదన్నా, సంతకం కూడా అరవంలోనే. మాట్లాడమంటే పొద్దస్తమానం మాట్లాడతా” అని నవ్వింది. అచ్చం మా అమ్మ గొంతే, మా అమ్మ మాటే. పాపం, ఈమెకు ఎలా వస్తుంది ఈ పని అని జాలిపడ్డాను. నా నోటుబుక్కు తెరిచి చూపించి, తమరు అనాలమ్మా, విచ్చేయండి అనాలమ్మా అని చెప్పాను కూడా. “అయ్యో, అట్లంతా నా నోట్లోకి రాదన్నా” అంది. అది తలుచుకుంటే నాకే సిగ్గు వేస్తోంది ఇప్పుడు.

లోపల ఇద్దరున్నారు. ఒకరు మేనేజరు, ఇంకొకరు మాటను బట్టి గుంటూరు వైపు పిల్ల. ఆ పిల్లే అడిగింది.

“సార్, నేను కస్టమర్ని అనుకోండి. మా ఫ్రిజ్ పాడైపోయి నాలుగు రోజులైంది, ఎవరూ రాలేదు. నాతో మాట్లాడండి.”

గొంతు సవరించుకున్నాను. “వందనములు తల్లీ. తమరి ఆవేదన నా హృదయమును కలచివేయుచున్నది. తమరి నివాసం ఎచ్చటనో సెలవీయండి.”

ఆ పిల్ల పెదవి కొరుక్కుంది. “సార్, మామూలుగా మాట్లాడండి. ఇంట్లో ఎలా మాట్లాడతారో అలా.”

నన్ను పరీక్షిస్తున్నారనుకున్నాను. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు కదా, ఇంటి మాటను ఆఫీసులో ఎవరు కోరుకుంటారు? బెజవాడ పంక్తి కళ్ళ ముందు నిలబడింది. ఇంకో మెట్టు పైకెక్కాను. “క్షణకాలం వేచియుండుము. తమ కష్టము తీరు గడియ ఆసన్నమైనది” అన్నాను. మేనేజరు ఇక ఆపుకోలేక పకపకా నవ్వేశాడు. “సార్ హరికథలు చెప్తారా?” అని అడిగాడు. ఆ పిల్ల నవ్వలేదు. మళ్ళీ ఒకసారి, మెల్లగా, “మీ ఇంట్లోవాళ్ళతో మాట్లాడినట్టే, సార్” అంది. నాలుగు పేజీల్లో ఒక్క ముక్కా గుర్తు రాలేదు, ఇంటి మాట పైకి రావడానికి నేను ఒప్పుకోలేదు. “చెప్తాం సార్” అన్నారు.

ఐదు రోజులు చూశాను. ఇంట్లో ఒకరు ఆ మాట ఎత్తితే రెండోవాళ్ళ ముఖం ఎలా అవుతుందోనని ఇద్దరం దాని చుట్టూ తిరిగి పోతూ ఉన్నాం. ఆరో రోజు మధ్యాహ్నం, చిక్కుపడ్డ టేపును పెన్సిలుతో చుడుతుంటే ఫోన్ మోగింది. ఆ పిల్లే.

“సార్, సారీ సార్. మీకు రాలేదు. మేనేజర్ మెసేజ్ పెట్టమన్నారు గాని, చెప్తాం అన్నాం కదా అని నేనే చేశాను.”

ఆ నాలుగు నెలల్లో చెప్తాం అని, నిజంగానే ఫోన్ చేసి చెప్పిన మొదటి మనిషి ఆ పిల్ల. నాకు దాని మీద కోపం రాలేదు. నాకంటే దానికే ఎక్కువ బాధగా ఉన్నట్టుంది.

“పోనీలే తల్లీ, నువ్వేం జేస్తావు? నీ పని నువ్వు జేసినావు. దీన్ని మనసులో పెట్టుకోవద్దు. అన్నం తిన్నావా లేదా? పొద్దన్నించీ ఇట్ల ఫోన్లు జేస్తా కూర్చుంటే ఆకలి సచ్చిపోతాది. పో, పోయి రెండు ముద్దలు తిను పో.”

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

“సార్” అంది. “ఆ రోజు ఇలా మాట్లాడుంటే సరిపోయేది కద సార్. మాకు ఫోన్ చేసేవాళ్ళంతా చిత్తూరు, తిరుపతి, అరవ బోర్డరు ఊళ్ళవాళ్ళు. మా మాట వాళ్ళకు ఎక్కడం లేదనే ఈ ఊళ్ళో మనుషుల్ని వెతికాం. నేను రెండుసార్లు అడిగాను కూడా.”

“మళ్ళీ వచ్చి మాట్లాడేదా తల్లీ? ఇప్పుడే వస్తా.”

“సీట్లు అయిపోయాయి సార్. ఆ రోజు మీ పక్కన కూర్చున్న ఆంటీ నిన్ననే చేరారు.”

ఫోన్ పెట్టేసి అలాగే కూర్చున్నాను. నేల మీద పరిచి ఉన్న ఆ మూడొందల క్యాసెట్లను చూస్తే కాలితో తన్నాలనిపించింది. తన్నాను కూడా. తరవాత ఒక్కొక్కటీ ఏరి బీరువాలో పెట్టాను, ఆమె వచ్చేసరికి ఇల్లు ఇలా ఉండకూడదని.

సాయంత్రం ఆమె వచ్చింది. దాచకుండా మొత్తం చెప్పాను, ఆ పిల్ల అన్నదీ, కాలాపేట ఆవిడ సంగతీ. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె సంచి కింద పెట్టి, వీధి వైపు తిరిగి గుమ్మం మీద కూర్చుంది.

“తమ్ముడికి ఫోన్ మీరు జేస్తారా, నేను జేసేదా?” అంది.

“నేనే జేస్తా.”

ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను. అవతల ఇంకా ఎత్తలేదు. ఆమె లేచి, కొంగుతో ముఖం తుడుచుకుని, పెరట్లోకి పోయింది. గోడ మీదుగా పక్కింటావిడను పిలవడం వినబడింది. “అక్కా, సోమవారం నుంచి రాత్రిపూట మా ఇంట్లో వచ్చి పండుకుంటావా? ఒక నెల చాలు, అలవాటయ్యేదాకా.”