ఇసుక బకెట్టుకు బొట్టు

ఎవరైనా దగ్గరలో గోళ్ళరంగు సీసా మూత తీస్తే చాలు, నా చెయ్యి దానంతటదే మెయిన్ స్విచ్ వైపు వెళుతుంది. మొన్న మా కొట్టు పక్కన గాజులమ్మే అమ్మాయి సీసా తీసినప్పుడూ అలాగే వెళ్ళింది. తియ్యగా ఉండి గొంతులో గుచ్చుకునే ఆ వాసన తగిలిందంటే, ఆ రోజు పోయినవన్నీ వరుసగా లెక్కకు వస్తాయి. బ్యాటరీలు పదకొండు, అందులో ఏడు కొట్టువి, నాలుగు బయటివాళ్ళవి. ఛార్జర్లు నాలుగు. డ్రిల్లు మిషన్లు రెండు. చెక్క బీరువా, అమ్మవారి పటం, పటం కింద పరిచిన పట్టుచీర. నూకరత్నంగారి ఎడమ కనుబొమ. అది మళ్ళీ మొలిచింది కాబట్టి లెక్కలోంచి తీసెయ్యమనేవారు ఆవిడ.

నర్సీపట్నంలో పనిముట్లు అద్దెకిచ్చే కొట్టు ఆవిడది. భర్త పోయాక ఆయన మోటారు వైండింగు గదిని అలా మార్చుకున్నారు. నేను పదో తరగతితో ఆగి, జీడిపిక్కల బస్తాలు తూచేచోట లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. వైరు లేని డ్రిల్లు మిషన్లు మా ఊరికి కొత్తగా వస్తున్న రోజుల్లో ఆవిడ దగ్గర పనికి చేరాను. మొదటిరోజే ఒక బ్యాటరీ నా ముందు పెట్టారు.

"దీనిమీద అంకెలేటో సెప్పు, లెక్కల మారాజా."

"పద్దెనిమిది, నాలుగు. గుణిస్తే డెబ్భై రెండండీ."

"డెబ్భై రెండు ఏటి?"

"తెలీదండీ."

"ఏటో తెలీకుండానే గుణించీసినావా?" అని పడీపడీ నవ్వారు.

సిగ్గేసింది. వారం రోజులు కనబడినవాళ్ళనల్లా అడిగి తెలుసుకుని చెప్పాను: తొమ్మిది వాట్ల బల్బు ఎనిమిది గంటలు వెలగడానికి సరిపడే కరెంటు అందులో ఉంటుందని. ఆవిడ బ్యాటరీని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "రాత్రంతా ఎలిగే బలుబు ఇందులో ముడుసుకుని కూకుందన్నమాట. అంతా ఒక్కపాలే బయటికొచ్చీస్తే ఏటవుద్ది?" అన్నారు. భయంతో అడిగింది కాదు, తెలుసుకోవాలని అడిగింది.

అద్దెకు వెళ్ళిన బ్యాటరీ తిరిగి రాగానే ఆవిడ వెనకచెయ్యి ఆనించి చూసేవారు. వెచ్చగా ఉంటే గుమ్మం పక్క నీడలో ఉన్న నాపరాయి మీద పెట్టేవారు. చల్లారేదాకా ఛార్జరు ముట్టనిచ్చేవారు కాదు. గొలుగొండ నుంచి వచ్చే మేస్త్రీ ఒకాయన తొందరపెట్టేవాడు.

"బేగి పెట్టండమ్మా, పనాగిపోయింది."

"నువ్వు ఎండలోంచొచ్చి, సెమట ఆరకుండా అన్నం తింతావా?"

"తింతానమ్మా."

"అందుకే ఆ పొట్ట."

అతనితో సహా అందరూ నవ్వేవారు. తర్వాత మొదలయ్యేవి అసలు ప్రశ్నలు. ఎక్కడ పెట్టావు, బండి డిక్కీలోనా? మేకుల సంచిలోనా? తడిసిందా? పడిందా? పోలీసులా కాదు, కథ వినే పిల్లలా అడిగేవారు. అందుకే జనం నిజం చెప్పేవారు. నాకు తెలిసి, చెప్పనివాడు ఒక్కడే.

దసరాకు ఆవిడ చేసే ఆయుధపూజలో చుట్టుపక్కల పనివాళ్ళు తమ పనిముట్లు కూడా తెచ్చి పెట్టేవారు. అమ్మవారి ముందు ఏదీ ఖాళీగా ఉండకూడదని ఆవిడ పట్టుదల. కలశం నిండుగా, బియ్యం కుంచం నిండుగా, బ్యాటరీలూ నిండుగా ఉండాలి. ఒక ఏడాది రోలుగుంట వడ్రంగి ఒకతను తనది ఇచ్చి, కాఫీకైనా ఆగకుండా వెళ్ళిపోయాడు. అది బల్లమీద సరిగ్గా కూర్చోలేదు. అడుగు కొంచెం ఉబ్బి, వేలితో తాకితే ఊగుతోంది.

"దీన్ని పక్కన పెడదామండీ," అన్నాను.

"పండగపూట ఒక్కదాన్నే పంక్తిలోంచి లేపీమంటావేటి?" అని తన చేత్తోనే చెక్క బీరువా అరలో ఛార్జింగుకు పెట్టారు.

హారతి ఇంకా వెలిగించలేదు. ఆ తియ్యటి వాసన వచ్చింది. ఆవిడ ముక్కు ఎగబీల్చి, "గోళ్ళరంగెవులేసుకున్నారర్రా?" అంటూ బీరువా వైపు వంగారు. ఉబ్బిన ఆ బ్యాటరీ బుస్సుమంది. మరుక్షణం మంట. "రాంబాబూ, మెయిన్ ఆపీ! అందరూ బయటికి నడవండి!" అని నన్ను చూసి అరిచారు. ఫైరింజను వచ్చేలోగా, పంక్తిలో ఒక్కొక్కరికీ వడ్డించుకుంటూ పోయినట్టు, మంట ఒకదాని నుంచి ఇంకోదానికి సాగింది. ఆవిడకున్న ఆధారం ఆ కొట్టొక్కటే. నమ్మి పనిముట్లు ఇచ్చినవాళ్ళు రోడ్డుమీద నిలబడి ఆవిడనే చూస్తున్నారు. ఆవిడ కాలిన కనుబొమ తడుముకుంటూ, "రాత్రంతా ఎలిగే బలుబు," అన్నారు మెల్లగా.

వారంలోగా ముగ్గురికి కొత్త బ్యాటరీలు చేతికిచ్చి పంపారు. నాలుగోవాడు, ఆ రోలుగుంట వడ్రంగి, రాలేదు. పూజ ముందురోజు అతని బ్యాటరీ పైకప్పు మీంచి పడిందని, మొహం చూపించలేక రావడం లేదని రోలుగుంటవాళ్ళెవరో చెప్పారు. ఆవిడ అతనికీ ఒకటి కొని ఉంచారు. రెండుసార్లు కబురు పంపారు.

"ఆడొస్తే తిట్టకు. ఎంతెత్తు నుంచి పడిందో అడుగు. అప్పుడే లోపల ఏటయ్యిందో మనకి తెలుస్తాది."

మరుసటి దసరాకు పూజ ఆగలేదు, పద్ధతి మారింది. బ్యాటరీలన్నీ నిండుగా కాకుండా, ఛార్జి చూపే నాలుగు లైట్లలో రెండేసి మాత్రమే వెలిగేలా, ఒకదానికొకటి దూరంగా కూర్చున్నాయి. బొట్టు ప్లాస్టిక్ మీదే, కరెంటు అందుకునే రేకుల మీద తడి తగలకుండా పెట్టారు. పడినవాటిని, ఉబ్బినవాటిని ఉంచడానికి పెరట్లో గోడకు దూరంగా ఇసుక బకెట్టు వెలిసింది. మొదటి బొట్టు దానికే. "ఇదీ మన పంక్తిలోదే, కాకపోతే బయట కూకుంటాది," అన్నారు.

ఆవిడ పోయాక కొట్టు నేనే చూస్తున్నాను. ఇప్పటికీ ఏ అంకె కనబడినా, గుణించే ముందు అది ఏమిటని అడుగుతాను. రోలుగుంట అతని కోసం ఆవిడ కొన్న బ్యాటరీ లోపలి గదిలో, ఎండ పడని అరలో ఉంది. మిషనుకు తగిలించలేదు, ఇనుము దగ్గర పెట్టలేదు. ఒక లైటుకు పడిపోతే, దగ్గర కూర్చుని రెండుకు ఎక్కించి తీసేస్తాను. వాడకపోయినా దాని వయసు పెరుగుతోంది. అతను వస్తే ఇంకో కొత్తది ఇవ్వాల్సి వస్తుందేమో.

బయటివాళ్ళవి నాలుగు. ఇచ్చినవి మూడు. ఇవ్వాల్సింది ఒకటి.