ఎదురుకాళ్ల వైద్యం

తాడేపల్లిగూడెం బియ్యం మిల్లులో ఇరవయ్యేళ్లుగా బస్తాలు మోసే సమ్సోను పొద్దున్నే తిన్నగా లేవలేడు. ముందు పక్కకి దొర్లుతాడు, మోకాళ్ల మీదికి వస్తాడు, గోడ పట్టుకుని పళ్లు కొరుకుతూ లేస్తాడు. తుమ్ము వస్తుందంటేనే భయం. నడుంలో పుట్టిన పోటు ఎడమ కాలి మడమ దాకా జారుతుంది. ఏలూరు డాక్టరుగారు వెన్ను నొక్కి చూసి, "పూసల మధ్య ఉండే మెత్తటి బిళ్లలు అరిగిపోయాయి. ఇక బరువులు మోయకు" అన్నారు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా సమ్సోనుకి ఒళ్లు మండిపోతుంది. మోయకపోతే పొయ్యి ఎలా వెలుగుతుందో ఆయన చీటీలో రాయలేదు.

ఆ రోజు నాలుగో బస్తాకే నడుం పట్టేసింది. సమ్సోను నేలమీద బోర్లా పడిపోయాడు. మిల్లు యజమాని చిట్టిరాజుగారు చెప్పులు విడిచి దగ్గరికొచ్చారు. ఆయన తల్లి కడుపులోంచి కాళ్లు ముందు వచ్చి పుట్టిన మనిషి. అలాంటివాళ్లు తంతే నడుం పట్టు వదులుతుందని ఊరంతా నమ్మకం.

"కదలకురా. నేను ఎదురుకాళ్లవాణ్ణి. మూడు తన్నులు తంతాను, లేచి బస్తా ఎత్తేస్తావు" అన్నారాయన ఎంతో దయగా. తోటి కూలీలు నవ్వారు.

పాదం నడుముకి ఆనేలోగా సమ్సోను తల తిప్పి చూశాడు. కళ్లు ఎర్రబడ్డాయి. గొంతులో మాత్రం ఎప్పటి మర్యాదే.

"ఇరవయ్యేళ్ల నుంచీ తంతానే ఉన్నారు కదండీ. ఇంకా తగ్గలేదండీ."