మంచికీ చెడ్డకీ ముందు వేసే రికార్డు

మా నాయన దగ్గర పెట్టెల నిండా రికార్డులుండేవి. వాటిలో ఇంగ్లీషుది ఒక్కటే. దాన్ని లెక్కలేనన్నిసార్లు విన్నాను, ఒక్కసారి కూడా పూర్తిగా వినలేదు. మొదటి పాటలో మొదటి ముక్క, అంతే. ఆపైన నాయన ముల్లు ఎత్తేసేవాడు.

నాయనకు కోవిల్‌పట్టిలో మైక్‌సెట్ ఉండేది. పెళ్ళి, చెవులు కుట్టడం, ఆడపిల్ల పెద్దమనిషి కావడం, చావు, ఏది జరిగినా గొట్టం స్పీకర్లు చెట్టుకు కట్టి ఊరంతా వినబడేలా పాటలు వెయ్యాలి. ఎవరు మాట్లాడుకోవడానికి వచ్చినా ఆయన అడిగే మొదటి మాట ఒకటే.

"మంచి కారియమా, కెట్ట కారియమా?"

కెట్ట అంటే మా వైపు చెడ్డ. ఇంట్లో తెలుగే అయినా సగం మాటలు తమిళానివి. జవాబును బట్టి ఏ పెట్టె తీసుకెళ్ళాలో తేలేది. మంచి కార్యమైతే వినాయకుడి పాటతో మొదలు కావాలి, దానికి ముందు సినిమా పాట ఒక్క చరణం పలికినా పెద్దలు ఊరుకోరు. చావింట్లో పొరపాటున ప్రేమపాట పలికిందా, తన్నులే. మరి సెట్టు సరిగా మోగుతోందో లేదో చూసుకోవడానికి ఏం వెయ్యాలి? ఇంగ్లీషుది. అది ఎవరి దేవుడిదీ కాదు, ఎవరి ఏడుపూ కాదు. శుభానికీ అశుభానికీ చెందదు.

"పెండ్లికీ తద్దినానికీ ఒకే మంతరం నీది" అని అమ్మ ఎగతాళి చేసేది.

ఎవరో మిల్లు ఇంజనీరు ఊరు వదిలిపోతూ అమ్మిన ప్లేయరుతో పాటు ఆ రికార్డు వచ్చింది. అట్ట మీద పూలచొక్కాల కుర్రాళ్ళు నలుగురు. చెవుల మీదికి పడే జుట్టు. ఒక్కడి మొహంలోనూ ఎండలో తిరిగిన జాడ లేదు. నాకు వాళ్ళను చూస్తే ఒళ్ళు మండేది. అరవైల చివర వచ్చిన ఆల్బం అని, అప్పట్లో లోకమంతా పాడుకున్నదని చాలా కాలానికి తెలిసింది. మాకు మాత్రం అది టెస్టింగు పాట.

టెస్టింగప్పుడు నేను వీధి చివర నిలబడాలి. పాట వినబడుతున్నంతసేపూ చెయ్యి ఎత్తి ఉంచాలి. దించానంటే వినబడడం లేదని అర్థం, ఆయన సౌండు పెంచుతాడు. మా మధ్య ఉన్న సైగ అదొక్కటే. మొదట్లో అది పని అవసరానికే అనుకున్నాను. హైస్కూలుకి వచ్చాక, ఆయన తలమీదే గొట్టం మోగుతున్నా నా చెయ్యి కోసం వెతుక్కోవడం చూసి, అసలు సంగతి అర్థమైంది. నాయనకు చెవులు పోతున్నాయి. ఏళ్ళ తరబడి గొట్టాల కింద కూచున్న మనిషికి చెవులు మిగిలితేనే వింత.

అమ్మకు తెలుసు, నాకు తెలుసు. మూడో మనిషికి తెలిస్తే మా పొయ్యి ఆరిపోతుంది. చెవిటివాడి మైక్‌సెట్‌ను ఎవరు పిలుస్తారు? అప్పటికే ఊళ్ళో క్యాసెట్లు, పెద్ద పెద్ద పెట్టె స్పీకర్లు వచ్చేశాయి. మమ్మల్ని వద్దనడానికి జనానికి ఒక్క సాకు చాలు.

"ఎవురన్నా మాట్లాడితే నువ్వు నాయిన పక్కనే నిలబడు" అని అమ్మ నేర్పింది. "నువ్వు తల ఊపితే ఆయనా ఊపుతాడు."

అలా కొన్నేళ్ళు నెట్టుకొచ్చాం. తొంభైల మధ్యలో, పుదూరు వైపు ఒక పల్లెలో, అది ముగిసింది. అగ్గిపెట్టెలు చేసే చోట మంట అంటుకుని ఒకమ్మాయి చనిపోయింది. నాకంటే కాస్త పెద్దది. శవం మదురై ఆస్పత్రి నుంచి రావాలి. నాయన వేపచెట్టుకు గొట్టాలు కట్టి, ఇంగ్లీషు రికార్డు పెట్టాడు. నేను వీధి చివర చెయ్యి ఎత్తాను. రెండో గొట్టం తీగ సరిగా లేక ఆయన దాన్ని సవరిస్తూ ఉండిపోయాడు. బస్సు కుదుపుల్లో రికార్డు మీద గీత పడినట్టుంది, ముల్లు అక్కడ ఇరుక్కుంది. పాడే కుర్రాడి గొంతు, నవ్వుతున్నట్టు, అదే ముక్క మళ్ళీ మళ్ళీ ఊరి మీద పడుతోంది.

కంగారులో చెయ్యి దించాను. నాయన సౌండు పెంచాడు. భయమేసి రెండు చేతులూ ఎత్తి ఊపాను. బాగా వినబడుతోందని చెబుతున్నాననుకుని ఆయన నవ్వి తల ఊపాడు. ఆపమనడానికి మాకు సైగ లేదు. పరిగెత్తాను. నేను సగం వీధి దాటేసరికి శవం ఉన్న వ్యాను నా పక్కనుంచే పోయింది. వాళ్ళమ్మ గుండెలు బాదుకుంటూ దిగింది, నెత్తిన ఆ నవ్వే గొంతు మోగుతూనే ఉంది. చనిపోయిన పిల్ల అన్న వచ్చి తీగలు తెంపి, నాయన చెంప పగలగొట్టాడు. తాగొచ్చాడని అందరూ అనుకున్నారు. నిజానికి అలా అనుకుని ఊరుకున్నా మేము బతికిపోయేవాళ్ళం. నాయన మాత్రం బిత్తరపోయి, దెబ్బ తిన్న చెంపను పట్టుకుని, అందరి ముందూ నన్ను గట్టిగా అడిగాడు.

"ఏం పాపా, పాట నిలిచిపోయిందా?"

ఆ ఒక్క మాటతో ఊరికి తెలిసిపోయింది. 'చెవిటివాడి ముందు శంఖం' అని మా సెట్టుకు పేరు పెట్టారు. మంచి కార్యానికి గానీ చెడ్డ కార్యానికి గానీ ఆపైన మమ్మల్ని పిలిచిన వాళ్ళు లేరు. ఆంప్లిఫయరు, గొట్టాలు, పాటల పెట్టెలు పాత సామాన్ల వాడు తీసుకెళ్ళాడు. ఇంగ్లీషు రికార్డు మీద గీత ఉందని, లోపలే చిన్న స్పీకరున్న దాని ప్లేయరు మరీ పాతదని వదిలేశాడు. నాయన మిరపకాయల గోదాములో మూటలు మొయ్యడానికి కుదిరాడు. ఆ ఘాటుకు దగ్గు పట్టుకుంది, మళ్ళీ వదల్లేదు.

రెండువేలు దాటాక నేను విరుదునగరులో ఒక పప్పుల మండీలో బిల్లులు రాసే పనిలో చేరాను. పక్కనే సీడీల కొట్టు. ఒక సాయంత్రం బస్సుకని ఆ కొట్టు ముందు నిలబడి ఉంటే లోపల ఆ పాట మొదలైంది. నాకు తెలియకుండానే చెయ్యి ఎత్తాను.

"ఏమక్కా, ఏం కావాలి?" అని కొట్టతను తమిళంలో అడిగాడు.

గీత పడిన చోటు కోసం ఎదురుచూస్తున్నాను. అది వచ్చింది, దాటిపోయింది. అక్కడినుంచి నేనెన్నడూ విననిది మొదలైంది. బాకాలు తగ్గిపోయి, ఒక్క గిటారు మీద ఆ కుర్రాడు మెల్లగా ఏదో బతిమాలాడు, మిగతా ముగ్గురూ వెనకనుంచి అందుకున్నారు. నేను ఇన్నాళ్ళూ తిట్టుకున్నవాడు నవ్వడమే లేదు. అదంతా వాడి గొంతు ఏడుపుకు ముందు వణకడం. చావింటికి అంతకన్నా తగిన పాట మా పెట్టెల్లో కూడా లేదు. నాకు దుఃఖం ఆగలేదు, కోపం కూడా ఆగలేదు.

సీడీ కొని మండీ ఆఫీసు కంప్యూటర్లో అంతా విన్నాను. నిజం చెప్పాలంటే ఆల్బం గొప్పది కాదు. రికార్డుకు రెండో వైపుండే పాటలు నీళ్ళు పోసిన మజ్జిగ. ఆ కాలంలోనే వాళ్ళు విడిగా విడుదల చేసిన హిట్లు సీడీ చివర్లో చేర్చారు, అవే నయం. వాటిలో ఒకదానికి కాళ్ళు ఆడించాను కూడా. కానీ తిరిగి తిరిగి ఆ మొదటి పాట దగ్గరికే వచ్చేదాన్ని.

అప్పటికి నాయనను ఇంటికి తీసుకుపొమ్మని ఆస్పత్రిలో చెప్పేశారు. చెవులు పూర్తిగా పోయాయి, మాట మిగిలింది. ఒక ఆదివారం పొద్దున ప్లేయరు దుమ్ము తుడిచి, మంచం పక్కన స్టూలు మీద పెట్టాను. వినలేకపోయినా, రికార్డు చివరిదాకా తిరగడం ఆయన కళ్ళతో చూడాలని నా పట్టుదల. గీత దగ్గర ముల్లును వేలితో దాటిద్దామనుకున్నాను.

"ఇంగ ఏంటికే అది?" అని అమ్మ విసుక్కుని వంటింట్లోకి పోయింది.

రికార్డు మధ్య ఎర్ర లేబులు తిరగడం చూసి నాయన మోచేతుల మీద లేచాడు. ఎముకల గూడులాంటి ఆ మొహంలోకి పని వేళప్పటి చూపు వచ్చింది. నా వంక చూశాడు. నేను చెయ్యి ఎత్తాను. ఆయన తృప్తిగా తల ఊపాడు.

"మంచి కారియమా, కెట్ట కారియమా?"

ఏం చెప్పినా ఆయనకు వినబడదు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. దాన్నే జవాబనుకున్నాడు.

"మంచిదేనా? అట్లయితే సామి పాట తియ్యి. ఏంటికి నిలబడుండావు, జనం వొచ్చేస్తారు."

ముల్లు గీతలో ఇరుక్కుంది. అదే ముక్క మళ్ళీ మళ్ళీ పలుకుతోంది. నేను దాన్ని దాటించలేదు. నా మొహం ఆయనకు కనబడకూడదని మంచం కిందికి వంగి, ఎప్పుడో అమ్మేసిన పెట్టె కోసం వెతుకుతూ ఉండిపోయాను.