ముందు గదిలో ఉండిపోయిన పొగ

మా పక్కింటి అక్క ఇక లేదని పోయిన మంగళవారం ఉదయం ఆమె కొడుకు వచ్చి చెప్పాడు. మా గేటు దాటి లోపలికి రాలేదు. చావు జరిగిన ఇంటివాళ్లు ఇంకొకరి గడప తొక్కకూడదన్న పట్టింపు మా మొయినాబాదులో ఇంకా ఉంది. "అమ్మ పోయింది టీచరమ్మా. చాయ్ అడిగింది. తెచ్చేలోపట..." అని ఆగిపోయాడు. ఆమె ఊపిరితిత్తులు చెడిపోయి పోయింది. జన్మలో ఒక్క సిగరెట్టు ముట్టని మనిషి.

పక్కపక్క వరండాల్లో కూర్చుని ఇద్దరం ముసలివాళ్లమయ్యాం. నా పనులు నేనే చేసుకుంటానన్న సంగతి ఆమెకు తెలుసు. బస్సు దిగిన నా చేతిలో కూరగాయల సంచి చూసి ఎవరైనా సాయానికి వస్తే, "టీచరమ్మ సంచి ముట్టకుండ్రి, కరుస్తది!" అని గోడ మీది నుంచి కేకేసేది. నా పట్టుదలను అంత ప్రేమగా వెక్కిరించినవాళ్లు మరొకరు లేరు.

ఆమె భర్త చేవెళ్ల మార్కెట్లో కూరగాయల వ్యాపారి. మంచివాడు. వీధిలో పెద్దవాళ్ల ఎదుట సిగరెట్టు వెలిగించడం అమర్యాద అని ఆయన నమ్మకం. అందుకని సాయంత్రం ఇంటికి వచ్చి, ముందు గది తలుపూ కిటికీ మూసి, గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని తాగేవాడు. అక్క కుట్టుమిషను ఉన్నది కూడా ఆ గదిలోనే. పెద్దల కంట పడకుండా దాచిన ఆ పొగంతా ఆమె రొమ్ములోకి వెళ్లింది. కొన్నేళ్ల క్రితం ఆయన గుండె ఆగి పోయాడు. కొడుకు ఆ గదికి తాళం వేశాడు.

పొగ మాత్రం పోలేదు. నిరుటి వానల్లో గది గోడ మీద గోధుమరంగు చుక్కలు లేచాయి. ఒకదాని వెనక ఒకటి, కన్నీటి ధారల్లా కిందికి జారాయి. తుడిస్తే మళ్లీ వచ్చాయి. వాన లేని రోజుల్లోనూ, సంధ్యవేళ, మూసి ఉన్న ఆ గదిలోంచి సిగరెట్టు వాసన వచ్చేది. "బాపు పోలే, ఇంట్లనే ఉన్నడు," అన్నారు బంధువులు. ఎవరో ఒక మంత్రగాణ్ణి తీసుకొచ్చారు. అతను అక్కను ఆ గదిలో కూర్చోబెట్టి, తలుపులు బిగించి, నిప్పుల మీద సాంబ్రాణీ ఎండుమిరపకాయలూ వేశాడు. పొగను వెళ్లగొట్టడానికి పొగ! నేను వెళ్లి తలుపు తోసేసరికి ఆమె నేల మీద ఒరిగి ఉంది.

దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము చూసి అడిగాడు: "రోజుకు ఎన్ని తాగుతవమ్మా?"

"నేను తాగలే సారు. మా ఆయన తాపిండు."

ఎన్నో ఏళ్లు మూసిన గదిలో ఇతరుల పొగ పీల్చినా తాగినవారికి వచ్చే జబ్బులే రావచ్చని, పసిపిల్లలకు అది మరీ ప్రమాదమని ఆయన చెప్పాడు. అక్క ముఖం అప్పుడు మారింది. కాన్పుకు పుట్టింటికి వెళ్లిన కోడలు పసిబిడ్డతో వచ్చే వారం తిరిగి రానుంది. గాలీ వెలుతురూ బాగుంటాయని ఊయల కోసం అనుకున్నది ఆ ముందు గదినే.

ఇంటికి వచ్చాక, గోడ పీల్చుకున్న పొగమసి తేమకు బయటికి ఉబుకుతున్నదని నేను ఆమెకు వివరించాను. శ్రద్ధగా విన్నది. "గోడ ఏడిస్తే ఏడుస్తది టీచరమ్మా. అగ్గిపుల్ల గీస్తదా?" అంది.

ఆ సాయంత్రం నన్ను తన వరండాలో కూర్చోబెట్టుకుంది. చీకటి పడుతుండగా లోపల పుల్ల గీసిన చిన్న చప్పుడు. కిటికీ అద్దం వెనక, సరిగ్గా ఆయన కుర్చీ ఎత్తులో, ఒక ఎర్రని చుక్క వెలిగింది, మసకబారింది, మళ్లీ వెలిగింది. అక్క కదలలేదు. భర్తతో మాట్లాడినట్టే ఆ చుక్కతో మాట్లాడింది.

"ఏమయ్యా, సచ్చినంక గూడ పెద్దోళ్లకు భయపడుతున్నవా? నీ మర్యాదకు నా రొమ్ము పోయింది. నీ మనుమరాలు వస్తున్నది. దాని రొమ్ము గూడ కావాల్నా? బయటికి రా. నా ముంగటనే తాగు."

చుక్క ఆరిపోయింది. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. తల వంచుకుని వచ్చినవాడు ఆమె కొడుకు. తల్లి ఎదుట తాగలేక, తండ్రి గదిలో, తండ్రి దయ్యం చాటున తాగుతున్నాడు.

మర్నాడే గోడ గీకించింది. మేస్త్రీ సబ్బునీళ్లతో కడుగుతుంటే చాయ్ రంగు నీరు గడప దాటి పారింది. ఆయన కుర్చీ జరిపాడు. పసుపుబారిన గోడ మీద తల, భుజాల ఆకారంలో తెల్లని చోటు మిగిలి ఉంది. మేస్త్రీ చెయ్యి ఆగింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అక్క చెప్పింది: "అది గూడ గీకు బిడ్డా. ఉంచుకున్నన్ని దినాలు ఉంచుకున్న."

కొడుకు మానడం గోడ గీకినంత తొందరగా జరగలేదు. డాక్టరు చెప్పినట్టు ఒక రోజు నిర్ణయించుకుని, ఇంట్లో అందరికీ చెప్పి, డబ్బాలూ లైటర్లూ పారేశాడు. తలపు పుట్టినప్పుడల్లా నీళ్లు తాగడం, సోంపు నమలడం, గేటు దాకా నడిచి రావడం. కాసేపు ఓర్చుకుంటే ఆ తలపు దానంతటదే తగ్గేది. అదీ చాలనప్పుడు డాక్టరు రాసిచ్చిన నికోటిన్ గమ్. అయినా మోకిలలో ఒక పెళ్లికి వెళ్లి స్నేహితులతో ఒకటి తాగాడు. ఆ సంగతి ఫోనులో ఏడుస్తూ చెప్పాడు. అక్క తిట్టలేదు. "ఒక్కటే గద తాగినవ్. డబ్బా కొనలే గద. తానం చేసి, అంగి మార్చుకొని పిల్లను ఎత్తుకో," అంది. బట్టలకు పట్టిన పొగ కూడా బిడ్డకు తగలకూడదని ఆమె పట్టు. ఆ తర్వాత అతను మళ్లీ ముట్టినట్టు నేను వినలేదు. అక్క రొమ్ము మాత్రం బాగుపడలేదు. మెట్టు మెట్టుకూ ఆగుతూ, నవ్వుతూ, ఇన్ని నెలలూ నడిచింది.

మంగళవారం ఆమెను ఆ ముందు గదిలోనే పడుకోబెట్టారు. పరామర్శకు వచ్చిన మగవాళ్లు అలవాటుగా కిటికీ కింద చేరి సిగరెట్లు వెలిగించారు. వాళ్లలో అందరికంటే పెద్దాయన, అక్క కొడుక్కి మేనమామ, ఓదార్పుగా అతనికి డబ్బా చాపాడు. "ఒక్కటి తాగు బిడ్డా. గుండె బరువు దిగుతది."

అతని చెయ్యి లేచింది. గదిలో నిలబడ్డ నేను కిటికీలోంచి ఆ చేతినే చూస్తున్నాను. వేళ్లు డబ్బా దాకా వెళ్లాయి. డబ్బా మూత మూసి ఆయన జేబులోనే పెట్టాడు.

"మామా, తప్పుగ అనుకోకు. మా ఇంట్ల తాగొద్దు. అందరు జర రోడ్డు అవతలికి పోయి తాగుండ్రి."

పెద్దవాళ్లతో అలా మాట్లాడినవాణ్ణి ఆ వీధి ఎరగదు. మేనమామ ముఖం ఎర్రబడింది. అయినా రోడ్డు వైపు ఆయనే ముందు నడిచాడు.

ఆమెను సాగనంపి వచ్చాక, పడుకోబెట్టినప్పుడు ఆమె తల ఉన్న చోట ఆనవాయితీ ప్రకారం దీపం పెట్టారు. ఆ మూలనే ఊయలలో పిల్ల నిద్రపోతున్నది. బయట ఆకు కూడా కదలడం లేదు. దీపం కొస నుంచి లేచిన సన్నని పొగ ఊయల వైపు రెండుసార్లు తిరిగింది. రెండుసార్లూ, ఎవరో చేత్తో తోసినట్టు, తెరిచిన కిటికీ వైపు వంగి వెళ్లిపోయింది.