మోకాలికి చుట్టిన కవరు

తిరుపతిలో మా చీరల కొట్టులో నిచ్చెన జారి మోకాలు దెబ్బతింది. మళ్లీ నిచ్చెన ఎక్కాలంటే ఈతకొలనులో వ్యాయామం చేయమన్నారు డాక్టరు. రెండు వైద్యాలైతే త్వరగా తగ్గుతుందని నేను పుత్తూరు నాటువైద్యుల కట్టు కూడా వేయించుకున్నాను.

“కట్టు విప్పి దిగక్కా!” అంది ఈతకొలను దగ్గర వ్యాయామం నేర్పే అమ్మాయి.

“అది విప్పకూడదు మే! తడవకుండా మా కొట్టు పేరున్న ప్లాస్టిక్ కవరు చుట్టుకొచ్చినాలే.”

నీళ్లలో కవరు లోపలి గాలికి ఉబ్బి కాలిని పైకి లేపేసింది. తల మునిగి ఊపిరాడలేదు. గింజుకుంటుంటే మోకాలు మళ్లీ మెలిపడింది. అక్కడున్న నలుగురూ ఒడ్డుకు లాగారు.

“మునిగినా కొట్టు పేరు మాత్రం పైకే చూపించినావు కదక్కా!” అందొకామె. అందరితోపాటు నవ్వాను. లేవబోతే కాలు నిలవలేదు.

ఇప్పుడు కుర్చీలోంచే అమ్ముతున్నాను. ఎవరైనా పై అరలోని చీర అడిగితే, అది రంగు పోతుందని చెప్పేస్తాను.